గమ్ డిస్పెన్సర్ మొరాయిస్తే ఏం చేయాలి?

"గమ్ రావట్లేదండీ" అని ఆపరేటర్ అనగానే చాలామంది సూపర్‌వైజర్ల చెయ్యి నేరుగా ప్రెషర్ నాబ్ మీదకు పోతుంది. ప్రెషర్ పెంచితే గమ్ వస్తుంది, నిజమే. అరగంటకి చుక్క పెద్దదై పక్కకి పాకుతుంది, రిజెక్షన్ ట్రే నిండుతుంది, అప్పుడు మళ్లీ తగ్గిస్తారు. షిఫ్టు దిగేసరికి అసలు సెట్టింగ్ ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

మన విశాఖలో, గాజువాక ఆటోనగర్‌లో చిన్న యూనిట్ అయినా, దువ్వాడ ఎస్‌ఈజెడ్‌లోనో మెడ్‌టెక్ జోన్‌లోనో ఏసీ గదిలో నడిచే లైన్ అయినా, ఈ జబ్బులు ఇంచుమించు ఒకటే. మన దగ్గర వాటికి సముద్రపు తేమ తోడవుతుంది. గమ్ కంపెనీ ఇచ్చే వివరాల కాగితాల్లోని (డేటాషీట్లలోని) లెక్కలు ఎక్కువగా 23 నుంచి 25 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమలో తీసినవి. విశాఖలో తలుపులు తీసి ఉన్న షెడ్‌లో తేమ 50కి దిగే రోజులు తక్కువ. డేటాషీట్‌ని నమ్మండి గానీ, మన గాలికి సరిచూసుకుని నమ్మండి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా సిరంజి బ్యారెల్‌లో గమ్ నింపి, గాలి ప్రెషర్‌తో, టైమర్ పెట్టి చుక్కలు వేసే మామూలు డిస్పెన్సర్ గురించి.

1. ముందు ఏం మారిందో కనుక్కోండి

నిన్న బాగా నడిచిన లైన్ ఇవాళ మొరాయించిందంటే ఏదో ఒకటి మారి ఉంటుంది. కొత్త లాట్ తెరిచారా? నీడిల్ మార్చారా? ఏసీ ఆగిందా? అదే కంప్రెసర్ లైన్‌కి పక్కవాళ్లు ఇంకో మెషీన్ తగిలించారా? ఈ నాలుగూ అడిగితే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

అడగడం కంటే మంచిది రాసి పెట్టుకోవడం. మెషీన్ పక్కన ఒక నోట్‌బుక్ వేలాడదీసి ప్రతి షిఫ్టు మొదట్లో ప్రెషర్, టైమ్, నీడిల్ సైజు, లాట్ నంబర్, గది ఉష్ణోగ్రత, చుక్క బరువు రాయించండి. బరువు చూడటం కష్టమేమీ కాదు. చిన్న అల్యూమినియం ఫాయిల్ ముక్కని 0.001 గ్రాము వరకు చూపే తూకం మీద పెట్టి జీరో చేసి, దాని మీద 20 చుక్కలు వేసి తూచి, 20తో భాగించండి. కంటికి ఒకేలా కనిపించే చుక్కల మధ్య తేడాని తూకం ఇట్టే పట్టేస్తుంది.

2. గాలి శుభ్రంగా, స్థిరంగా ఉందో చూడండి

తేమ గాలిని కంప్రెసర్ నొక్కితే అందులోని ఆవిరి నీరవుతుంది. మన ఊళ్లో ఆ నీరు ఎక్కువ. రోజూ ట్యాంక్ డ్రెయిన్ తిప్పండి. డిస్పెన్సర్ ముందు 5 మైక్రాన్ ఫిల్టర్, దాని తర్వాత రెగ్యులేటర్ ఉండాలి. తేమతో గట్టిపడే గమ్ వాడేవాళ్లు ఎయిర్ డ్రయర్ ఖర్చుకి వెనుకాడొద్దు. మెయిన్ లైన్ ప్రెషర్ ఊగుతుంటే చుక్కా ఊగుతుంది. అందుకే డిస్పెన్సర్‌కి వాడే ప్రెషర్ కంటే లైన్‌లో ఎప్పుడూ ఒకటి రెండు బార్లు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.

3. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తీయొద్దు

ఇది విశాఖవాళ్లు గోడ మీద రాసిపెట్టుకోవాల్సిన మాట. వేసవిలో ఇక్కడి గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, 25 డిగ్రీల దగ్గరలో ఉన్న వస్తువుకి కూడా చెమట పట్టే రోజులుంటాయి. ఇక 5 డిగ్రీల ఫ్రిజ్‌లోంచి వచ్చిన బ్యారెల్ సంగతి చెప్పక్కర్లేదు, మజ్జిగ సీసాకి పట్టినట్టు పడుతుంది. మూత తీశారంటే ఆ నీరు గమ్‌లోకి దిగుతుంది. ఎపాక్సీ అయితే బుడగలు రావచ్చు, అంటు బలం తగ్గవచ్చు. సూపర్ గ్లూ లాంటి సయనోఅక్రిలేట్ అయితే సీసాలోనే చిక్కబడటం మొదలవుతుంది.

మూత తీయకుండా, బిగించే ఉంచి గది వేడికి రానివ్వండి. చిన్న సిరంజికి అరగంట నుంచి గంట, కేజీ డబ్బాకి కొన్ని గంటలు పట్టవచ్చు. వేడినీళ్లలో ముంచి తొందరపెట్టకండి. పొద్దున షిఫ్టుకి కావలసినది రాత్రివాళ్లే బయట పెట్టేలా డ్యూటీ వేస్తే ఈ గొడవ ఉండదు.

వేడి గురించి ఇంకో మాట. గది వేడెక్కితే గమ్ పలుచనై, అదే ప్రెషర్‌కి ఎక్కువ వస్తుంది. రెసిన్, హార్డెనర్ (గట్టిపరిచే భాగం) కలిపిన రెండు భాగాల ఎపాక్సీ కొంతసేపటికి దీనికి ఎదురు తిరుగుతుంది: వేడికి త్వరగా గట్టిపడి తక్కువ వస్తుంది. 10 డిగ్రీలు పెరిగితే పనికొచ్చే సమయం దాదాపు సగమవుతుందని స్థూలంగా లెక్క వేసుకోవచ్చు. అందుకే చుక్క పెద్దదవుతోందా, చిన్నదవుతోందా అన్నది ముందు చూడాలి. కారణం ఎటు వెతకాలో అదే చెబుతుంది.

4. బుడగలు తీయండి

నీడిల్ చివర గమ్ కారుతోందా? పలుచని గమ్ అయితే దాని బరువుకే కారుతుంది. డిస్పెన్సర్‌లోని వెనక్కి లాగే వాక్యూమ్‌ని చుక్క వేలాడటం ఆగేంతవరకే కొద్దికొద్దిగా పెంచండి. మరీ పెంచితే నీడిల్‌లోకి గాలి లాగేస్తుంది. చిక్కటి గమ్ కారుతుంటే అనుమానం బుడగల మీదే పెట్టుకోండి. ప్రెషర్ ఉన్నంతసేపు లోపలి గాలి నొక్కుకుని ఉంటుంది, ప్రెషర్ ఆగగానే వ్యాకోచించి గమ్‌ని బయటికి తోస్తుంది. దీనికి వాక్యూమ్ పెంచితే లాభం లేదు.

బుడగలు ఎక్కువగా పుట్టేది డబ్బాలోంచి బ్యారెల్‌లోకి వంపేటప్పుడు. బ్యారెల్‌ని వాల్చి, గోడ వెంట సన్నగా జారనివ్వండి. అడుగు నుంచి నింపే అడాప్టర్ ఉంటే ఇంకా మంచిది. బ్యారెల్ మూడింట రెండు వంతులు నిండితే చాలు. పైన పిస్టన్ పెడితే గాలి గమ్‌ని చీల్చుకుని సొరంగం చేయదు, గోడకి గమ్ మిగలదు. చేత్తో కలిపిన ఎపాక్సీకి వాక్యూమ్ డబ్బా గానీ సెంట్రిఫ్యూజ్ గానీ వాడాలి. అసలు అవకాశం ఉంటే ఫ్యాక్టరీలోనే నింపి బుడగలు తీసిన బ్యారెళ్లు కొనండి. ధర ఎక్కువే, కానీ రిజెక్షన్ లెక్క పక్కన పెట్టి చూస్తే చవకే.

5. నీడిల్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు

నీడిల్ రంధ్రం వ్యాసం సగమైతే, అదే పొడవులో, అదే ప్రెషర్‌కి వచ్చే గమ్ సగం కాదు, 16వ వంతు అవుతుంది. 21 గేజ్ నీడిల్ లోపలి వ్యాసం సుమారు 0.51 మి.మీ., 25 గేజ్‌ది 0.25. ఊదా రంగు నీడిల్ (21 గేజ్) బదులు ఎర్రది (25 గేజ్) తగిలిస్తే లైన్ ఆగిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. రంగుల కోడ్ కూడా అన్ని కంపెనీలకీ ఒకటి కాదు, గేజ్ నంబర్ చూసే తగిలించండి. లోపలి గోడకి గమ్ పేరుకుని వ్యాసం పదో వంతు తగ్గినా గమ్ మూడో వంతు తగ్గుతుంది. నీడిల్‌ని కడిగి మళ్లీ వాడే పొదుపు వద్దు. చిక్కటి గమ్‌కి నిటారు స్టీల్ నీడిల్ కంటే కోసుగా ఉండే ప్లాస్టిక్ టిప్ హాయిగా నడుస్తుంది.

మూసుకుపోయిన నీడిల్‌ని ప్రెషర్ పెంచి ఊదకండి. ఊడి మొహాన పడుతుంది. ముందు ప్రెషర్ వదిలేసి, తర్వాత మార్చండి.

టిప్ ఎత్తగానే తోకలాగా దారం సాగుతుంటే, గమ్ ఆగాక క్షణం నిలిపి, తర్వాత నిటారుగా ఎత్తండి. ఎత్తు కూడా చూడాలి. చిన్న చుక్కలకి నీడిల్ లోపలి వ్యాసంలో సగం దూరంతో మొదలుపెట్టి సరిచేసుకోవచ్చు.

6. బ్యారెల్ ఖాళీ అయ్యేకొద్దీ చుక్క చిన్నదైతే

గమ్ తగ్గేకొద్దీ పైన గాలి జాగా పెరిగి, ప్రతి చుక్కకీ ప్రెషర్ ఎక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది. టైమర్ మాత్రం అంతే ఉంటుంది. చిన్న బ్యారెల్ వాడండి, గొట్టం పొడవు తగ్గించండి, బ్యారెల్ సగానికి వచ్చినప్పుడు ఇంకోసారి తూచండి. అప్పటికీ కుదరకపోతే స్క్రూ లేదా పిస్టన్‌తో కొలిచి వదిలే పంపుకి మారడమే దారి.

7. ఏ గమ్‌కి ఏది పడదో తెలుసుకోండి

బోల్టులు వదులు కాకుండా వేసే అనరోబిక్ గమ్ లోహం తగిలి, గాలి అందకపోతే గట్టిపడుతుంది. సీసా నిండుగా ఇవ్వనిది అందుకే, లోపల గాలి ఉండాలి. దానికి స్టీల్ నీడిల్, ఇత్తడి ఫిట్టింగ్ పెడితే లోపలే గట్టిపడుతుంది. ప్లాస్టిక్ వాడాలి. సయనోఅక్రిలేట్‌కీ ప్లాస్టిక్ లేదా టెఫ్లాన్ పూత టిప్పే మేలు. అతినీలలోహిత వెలుతురు తగిలితే గట్టిపడే యూవీ గమ్‌కి వెలుతురు తగలని నల్ల లేదా అంబర్ బ్యారెల్, టిప్ వాడి, కిటికీ పక్కన పెట్టకండి. గది వేడిలోనే గట్టిపడే ఆర్‌టీవీ సిలికాన్‌కి గాలిలో తేమ కావాలి. మన ఊళ్లో పై పొర తొందరగా కట్టేస్తుంది, అది చూసి లోపల కూడా అయిపోయిందనుకుని ప్యాక్ చేసేస్తారు. పై నుంచి లోపలికి రోజుకి సుమారు 2, 3 మి.మీ. మాత్రమే గట్టిపడుతుంది.

రెండు భాగాల కార్ట్రిడ్జ్ కొత్తది తెరిస్తే, రెండు భాగాలనూ కలిపే గొట్టం లాంటి టిప్ (మిక్సర్) తగిలించకముందే రెండు వైపులా సమంగా వచ్చేదాకా కాస్త బయటికి తోయండి. మిక్సర్ పెట్టాక మొదట వచ్చినది పారేయండి. పంపు మెషీన్ అయితే వారానికోసారి మిక్సర్ తీసి, రెండు భాగాలనూ వేరువేరు కప్పుల్లోకి వదిలి తూచండి. డబ్బా మీద ఉన్నది బరువు నిష్పత్తా, ఘనపరిమాణం నిష్పత్తా అన్నది చూసుకోండి, చాలామంది తికమకపడేది ఇక్కడే.

8. భోజనానికి వెళ్లేముందు

మిక్సర్‌లో గమ్ పనికొచ్చే సమయం 20 నిమిషాలైతే, అరగంట భోజనం తర్వాత అది రాయి. వెళ్లేముందు తీసి పారేయండి, లేదా మధ్యమధ్య కాస్త గమ్ వదిలే ఆటో పర్జ్ పెట్టండి. సిలికాన్, సయనోఅక్రిలేట్ టిప్పులకి క్యాప్ పెట్టండి.

చేతులకి నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఎపాక్సీ హార్డెనర్ తరచూ తగిలితే చర్మానికి అలర్జీ పట్టుకుంటుంది, పట్టుకుందంటే వదలడం కష్టం. సయనోఅక్రిలేట్ దగ్గర నూలు గ్లౌజులు, నూలు గుడ్డలు అసలు వద్దు, తగిలితే వేడి పుట్టి చర్మం కాలుతుంది. వేళ్లు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీయండి.