జీరో ట్విస్ట్ టవల్: కరిగే నూలుతో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

జీరో ట్విస్ట్ టవల్‌కి ఆ మెత్తదనం ఇచ్చేది, చివరికి అందులో మిగలని ఒక నూలు. పాలీవినైల్ ఆల్కహాల్, అంటే అందరూ పీవీఏ అనే పదార్థంతో చేసిన నూలు అది. పత్తి నూలుని, పీవీఏ నూలుని జతచేసి, పత్తి పురికి ఎదురు దిశలో మెలిపెడతారు. పత్తి పురి విప్పుకుంటుంది, మగ్గం మీద లాగుడు తట్టుకునే బలం పీవీఏ ఇస్తుంది. నేత అయ్యాక వేడినీళ్లలో పీవీఏ కరిగిపోతే పురిలేని పత్తి విచ్చుకుంటుంది.

సోలాపూర్‌లో తరాలుగా మగ్గాలు నడుపుతున్న మన పద్మశాలీ కుటుంబాలకి టెర్రీ నేత (ఉంగరాల్లాంటి పోగులు పైకి తేలేలా టవల్ నేయడం) గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అసలు చిక్కు నేత తర్వాత, ఉడకబెట్టే దగ్గర వస్తుంది. పీవీఏ కరగడం వేరు, గుడ్డలోంచి బయటికి పోవడం వేరు. కింది సమస్యల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

ఆరాక టవల్ గట్టిగా, అట్టలా ఉంది

ముందు సాఫ్ట్‌నర్ పెంచకండి. ఆఖరి జాడింపు తర్వాత తడి టవల్ మూల పట్టుకుని వేళ్ల మధ్య రుద్దండి. బెండకాయ కోసినప్పటి జిగట తగిలితే పీవీఏ లోపలే ఉంది.

కారణాలు రెండు. మొదటిది, వేడి చాలకపోవడం. ఈ నూలుని కరిగే ఉష్ణోగ్రతని బట్టి గ్రేడ్లుగా అమ్ముతారు. 80 డిగ్రీల గ్రేడ్ తీసుకుని బాత్‌ని (గుడ్డ ఉడికే నీళ్లని) కూడా 80 దగ్గరే ఆపితే దట్టమైన పైల్ (టవల్ మీది పోగుల పొర) లోపల కరగదు. 95 దాకా తీసుకెళ్లి, కనీసం అరగంట అక్కడే ఉంచండి.

రెండోది, ఎక్కువమంది పట్టించుకోనిది. బాత్‌ని చల్లార్చి డ్రెయిన్ చేయడం. చల్లబడేకొద్దీ పీవీఏ నీళ్లు చిక్కబడి మళ్లీ గుడ్డకే అంటుకుంటాయి. మెషిన్‌లో వేడి డ్రెయిన్ సౌకర్యం ఉంటే వేడిగానే వదిలేయండి. లేకపోతే వేడినీళ్లు కలుపుతూ పొంగించి పంపండి. ఆ వెంటనే రెండుసార్లు వేడినీళ్లతోనే జాడించాలి. మొదటి జాడింపు చన్నీళ్లతో చేస్తే చేసిన పనంతా వృథా.

అనుమానం తీరాలంటే అయోడిన్ పరీక్ష చేయండి. బోరిక్ యాసిడ్ కలిపిన అయోడిన్ ద్రావణం చుక్క వేస్తే, పీవీఏ ఉన్నచోట నీలం లేదా నీలి ఆకుపచ్చ రంగు వస్తుంది. గంజి ఉన్నా నీలమే వస్తుంది కాబట్టి, పడుగుకి గంజి పెట్టి ఉంటే ముందు ఎంజైమ్‌తో దాన్ని తీసేయాలి.

ఒక హెచ్చరిక: సగం కడిగిన టవల్‌ని స్టెంటర్‌లో (గుడ్డని చాపి వేడిగాలితో ఆరబెట్టే మెషిన్‌లో) వేయొద్దు. పొడి వేడికి మిగిలిన పీవీఏ బిగుసుకుపోతుంది, ఆ తర్వాత కరిగించడం చాలా కష్టం.

రంగు వేశాక మచ్చలు, జిగురు ముద్దలు

రియాక్టివ్ డైయింగ్‌లో (పత్తితో రసాయనికంగా కలిసిపోయే రంగులు వేసేటప్పుడు) గ్లాబర్ సాల్ట్ వేస్తాం కదా. అది సోడియం సల్ఫేట్. పీవీఏ ఫైబర్ తయారీలో ద్రావణాన్ని దారంగా గడ్డకట్టించడానికి వాడేదీ అదే ఉప్పు! గుడ్డలో మిగిలిన పీవీఏ డై బాత్‌లోకి వస్తే ఉప్పు దాన్ని పాలు విరిగినట్టు విరగ్గొట్టి ముద్దలు చేస్తుంది. రంగు మార్చినా, డై కంపెనీని మార్చినా ఉపయోగం లేదు. అయోడిన్ పరీక్ష పాసయ్యేవరకు లాట్‌ని డైయింగ్‌కి పంపొద్దు.

ఇదే లెక్కన, టైమ్ కలిసొస్తుందని కరిగించడం, కాస్టిక్ సోడాతో స్కౌరింగ్ (పత్తిలోని జిడ్డు, మైనం తీసేయడం) ఒకే బాత్‌లో పెట్టకండి. గాఢమైన క్షారం కూడా పీవీఏని కరగనివ్వదు. ముందు మామూలు నీళ్లు, కొంచెం వెట్టింగ్ ఏజెంట్ (గుడ్డ త్వరగా తడిసేలా చేసేది). మిగతావి ఆ తర్వాతే.

పైల్ ఎగుడుదిగుడు, గుడ్డ ముడుచుకుపోయింది

పీవీఏ నూలు తడిస్తే కరగడానికి ముందు బాగా కుంచించుకుపోతుంది. టవల్స్ కిక్కిరిసి ఉన్న మెషిన్‌లో ఆ లాగుడు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. లోడ్ తగ్గించి, గుడ్డ ఫ్రీగా తిరిగేలా చూడండి.

పైల్ మెలికలు తిరుగుతోంది, లేదా నూగు బాగా రాలుతోంది

మెలికలైతే తప్పు డబ్లింగ్‌లో, అంటే రెండు నూళ్లని కలిపి మెలిపెట్టే దగ్గర ఉంది. ఎదురు పురి తగ్గినా, ఎక్కువైనా పత్తిలో పురి మిగులుతుంది. నేతకి ముందే జానెడు నూలు మరిగే నీళ్లలో వేసి చూడండి. పీవీఏ పోయాక పత్తి పోగులు సమాంతరంగా విడిపోతే సరే. మళ్లీ మెలిపడుతుంటే ఆ కోన్లు (నూలు చుట్టిన ఉండలు) వెనక్కి పంపాల్సిందే.

నూగు సంగతి వేరు. పురి లేనప్పుడు పోగుని పట్టి ఉంచేది దాని పొడవే. పొట్టి పింజ పత్తితో ఈ టవల్ చేయకూడదు.

గోడౌన్‌లో కోన్లు అతుక్కుంటున్నాయి

వానాకాలపు తేమ. తక్కువ వేడికే కరిగే గ్రేడ్లకి ఈ బెడద ఎక్కువ. వాడేదాకా పాలిథిన్ కవర్ విప్పొద్దు, మిగిలిన కోన్లని సిలికా జెల్ ప్యాకెట్‌తో మళ్లీ మూసేయండి.

ఈటీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంట్‌లో) నురుగు, సీవోడీ (నీళ్లలోని కాలుష్యం కొలత) పెరిగింది

కరిగిన పీవీఏ అంతా చేరేది అక్కడికే. పీవీఏకి అలవాటుపడిన బ్యాక్టీరియా ఉంటేనే అది విచ్ఛిన్నమవుతుంది, అదీ నెమ్మదిగా. ఒక్కసారిగా వదిలితే ట్యాంక్ తట్టుకోలేదు. చిక్కగా ఉండే మొదటి డ్రెయిన్‌ని విడిగా పట్టి, రోజంతా కొద్దికొద్దిగా కలపండి. దాన్ని నేరుగా కాలువలోకి వదలడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయొద్దు.