నిజం బయటపెడతానన్నా నేరమే: ఎప్పుడు, ఎలా

తిరుపతిలో ఒకాయన రెండంతస్తులకు ప్లాను తీసుకుని నాలుగు లేపాడనుకోండి. పక్కింటాయన కార్పొరేషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఆర్టీఐ కింద ప్లాను కాపీ అడగొచ్చు. రెండూ హక్కులే. ఆ కాపీ చేతబట్టుకుని "అయిదు లక్షలివ్వు, లేదంటే యూట్యూబ్‌లో వేస్తా" అన్నాడా, ఇక ముద్దాయి ఆయనే. కట్టడం అక్రమమన్నది వేరే కేసు, అది దీన్ని మాఫీ చేయదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బ్లాక్‌మెయిల్ అనే మాటకు విడిగా సెక్షన్ లేదు. 308వ సెక్షన్, అంటే బలవంతపు వసూలు కిందికి వస్తుంది. హాని చేస్తానని భయపెట్టడం (పరువుకు హాని కూడా హానే), తనకు హక్కులేని సొమ్ము కోసం అడగడం, ఆ భయంతో సొమ్ము చేతులు మారడం: మూడూ కలిస్తే ఏడేళ్ల దాకా జైలు. సొమ్ము ముట్టకపోయినా, దానికోసం భయపెట్టినందుకే రెండేళ్ల దాకా పడొచ్చు. "ముందు కొంచెం ఇవ్వు, అప్పుడే కేసు నిలుస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు.

డబ్బు ఊసెత్తకుండా "కేసు వాపసు తీసుకో, లేకుంటే ఫొటోలు పెడతా" అంటే అదే సంహితలో 351వ సెక్షన్, నేరపూరిత బెదిరింపు. పేరు దాచి పంపితే ఇంకో రెండేళ్ల దాకా అదనం.

"చెప్పేది నిజమే కదా" అన్న ధీమాతోనే చాలామంది ఇరుక్కుంటారు. కూతురి ఫొటోలు బయటపెడతానని తండ్రిని డబ్బడిగినవాడికి పడిన శిక్షను సుప్రీంకోర్టు సమర్థించిన తీర్పు 1960 నాటి రిపోర్టుల్లోనే ఉంది. ఫొటోలు అసలైనవే.

మీకే బాకీ రావాలంటే? చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసివ్వండి; అందుకున్నాక 15 రోజుల్లో కట్టకపోతే ఆపై నెలలోగా కోర్టుకెళ్లండి. కట్టకుంటే కేసేస్తాననడం బెదిరింపు కాదు. యాభై వేల బాకీకి "రెండు లక్షలివ్వు, లేకుంటే నీ సంగతి మీ అత్తగారింట్లో చెప్తా" అంటే, ఆ లక్షన్నరే మిమ్మల్ని బోనెక్కిస్తుంది.

బెదిరింపు మీకొస్తే వాట్సాప్ చాట్ చెరపొద్దు, నంబర్ బ్లాక్ చేసే ముందు తేదీలతో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు: భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, అందుకే అసలు ఫోను దాచాలి, అమ్మకూడదు, రీసెట్ చేయకూడదు. డబ్బు పంపి ఉంటే యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) రాసిపెట్టండి. ఫిర్యాదులో అతనన్న మాటలు ఉన్నవున్నట్టు రాయండి. "వేధించాడు" అని ఊరుకుంటే అడిగిన మొత్తం, పెట్టిన భయం రెండూ ఎగిరిపోతాయి.

చిత్తూరులో జరిగినదానికి తిరుపతి స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (నేరం తమ పరిధిలో జరగకపోయినా నమోదు చేసే ఎఫ్ఐఆర్) కోరుతూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు.