స్కాన్ ఫైళ్ల పేర్లను బాష్ ఫంక్షన్‌తో మార్చే పద్ధతి

మలక్‌పేటలోని మా అపార్ట్‌మెంటు సంఘం రసీదులను స్కాన్ చేయించినప్పుడు, యంత్రం వాటికి 'స్కాన్ 1', 'స్కాన్ 2' మొదలుకొని వరుసగా పేర్లు పెట్టింది. షెల్‌లో (మనం టైపు చేసే ఆదేశాలను నడిపే ప్రోగ్రాములో) ఫోల్డరు జాబితా చూస్తే మాత్రం 10వ రసీదు 2వ రసీదు కంటే ముందు కనిపించేది, ఎందుకంటే షెల్ పేర్లను సంఖ్యలుగా కాక అక్షరాలుగా పోల్చుతుంది. 2కు బదులు 002 అని ఉంటే ఈ చిక్కు రాదు. వందల ఫైళ్లకు ఆ సున్నాలు చేత్తో చేర్చడం కంటే లినక్స్‌లో బాష్ అనే షెల్‌కు ఒక ఫంక్షన్ (ఒకే పేరుతో పిలవగల ఆదేశాల కట్ట) రాసుకోవడం మేలు.

ఫంక్షన్ పేరు, ఖాళీ బ్రాకెట్లు, ఆ తరువాత ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ ఒక ఫర్ లూప్ (ఒక్కో ఫైలుకూ అదే పనిని మళ్లీ చేయించేది) రాయాలి. నేను మొదట లూప్‌లో ఒక కౌంటర్ పెట్టి, ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున పెంచాను. లూప్‌కు ఫైళ్లు అందేది ఆ తప్పుడు వరుసలోనే కనుక 10వ రసీదు కాస్తా 002 అయి కూర్చుంది. అందువల్ల సంఖ్యను పాత పేరులో నుంచే తీయాలి: ముందు ఎక్స్‌టెన్షన్‌ను (పేరు చివర చుక్క తరువాతి భాగాన్ని) పక్కన పెట్టి, మిగిలిన పేరులో అంకెలు కానివాటిని తొలగించి, వచ్చిన దానిని ప్రింట్ఎఫ్ (printf) ఆదేశం చేత ముందు సున్నాలతో మూడంకెలకు నింపించాలి. 08, 09 వంటివి ఎదురైతే బాష్ ముందున్న సున్నాను చూసి వాటిని అష్టాంశ సంఖ్యలుగా (0 నుంచి 7 వరకు అంకెలే ఉండే పద్ధతిలోవిగా) భావించి తప్పు చూపుతుంది. సంఖ్యకు ముందు '10#' చేర్చి, డబుల్ బ్రాకెట్ల లెక్కలో పెడితే దశాంశంగానే తీసుకుంటుంది.

పేరు మార్చే పని ఎంవీ (mv) ఆదేశానిది. పాత, కొత్త పేర్లు రెండింటినీ డబుల్ కోట్స్‌లో ఉంచకపోతే 'స్కాన్ 1'లోని ఖాళీ దగ్గర పేరు రెండు ముక్కలవుతుంది. కొత్త పేరుతో ఫైలు ముందే ఉంటే ఎంవీ సాధారణంగా అడగకుండానే దానిని చెరిపి రాస్తుంది కాబట్టి ఆదేశానికి హైఫన్ ఎన్ (-n) తప్పక చేర్చండి; అప్పుడు ఆ ఫైలు పాత పేరుతోనే మిగిలిపోయి, తగాదా ఎక్కడుందో తెలుస్తుంది. తొలిసారి నడిపేటప్పుడు ఎంవీకి ముందు ఎకో (echo; ఆదేశాన్ని నడపకుండా తెరపై చూపేది) చేర్చి, తెరపై వచ్చే జాబితాలో కనీసం 9, 10, 11 సంఖ్యల దగ్గర కళ్లుపెట్టి చూడండి.

ఒకే డిస్కు విభాగంలో పేరు మారితే డైరెక్టరీలోని నమోదు మాత్రమే మారుతుంది, డేటా కదలదు; కనుక ఎంత పెద్ద ఫైలైనా క్షణంలో పూర్తవుతుంది. పెన్‌డ్రైవ్‌కు పంపితే మాత్రం అది కాపీ చేసి పాతదానిని తొలగించడమే, కాబట్టి పేర్లు మార్చాకే పంపండి.

తెలుగు పేర్లు పెట్టేవారు నిడివి కూడా చూసుకోవాలి. లినక్స్ డిస్కులపై ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4 (ext4) పద్ధతిలో ఫైలు పేరుకు 255 బైట్ల హద్దు ఉంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. 'హైదరాబాద్' ఒక్కటే 27 బైట్లు. రసీదు వివరమంతా పేరులో ఇరికించకుండా ఫ్లాటు నంబరు, తేదీ ఉంచితే చాలు.