రాత్రిపూట స్టార్టర్ డబ్బా పనికి తలలైటు: ఏది కొనాలి, ఏ బ్యాటరీ వేయాలి

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటర్లు, స్టార్టర్లు బాగుచేస్తుంటాను. మామిడి తోటలో మోటరు ఆగిపోయిందని రైతు ఫోన్ చేస్తే పొద్దు గూకినా పోవాల్సిందే. ఫోన్‌ను నోట్లో కరుచుకుని కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటరుకు కరెంటు కలిపి, ఆపే స్విచ్చి) విప్పే కుర్రాళ్లను చూస్తే నాకు చాలా భయమేస్తుంది. మూడు వందలో, ఐదు వందలో పెడితే తలకు కట్టుకునే మంచి లైటు వస్తుంది. అయితే కొట్లో ఏది చూసి కొనాలో తెలియాలి. ఎంత మంచి లైటున్నా ముందు ఫ్యూజులు పీకి, మూడు ఫేజులకూ టెస్టర్ పెట్టి చూసినాకే డబ్బాలో చెయ్యి పెట్టండి.

అట్టపెట్టె మీద రాసిన ల్యూమెన్లను (వెలుగు కొలత) అసలు పట్టించుకోవద్దు. పదివేల ల్యూమెన్లు అని అచ్చేస్తారు. చవక ఎల్‌ఈడీ ఒక్క వాటుకు వంద ల్యూమెన్లు ఇస్తే గొప్ప. ఆ లెక్కన పదివేలకు వంద వాట్లు కావాలి. నెత్తి మీద అంత వేడిని ఎవరూ మోయలేరు, అంత కరెంటు ఇచ్చే బ్యాటరీ ఆ చిన్న డబ్బాలో పట్టదు. మూరెడు దూరంలో స్క్రూ విప్పడానికి 50 ల్యూమెన్లు చాలు. 150, 200 ఉంటే బోరు గుంత చుట్టూ కూడా బాగా కనిపిస్తుంది. పలమనేరు వైపు ఏనుగులకు పంట కాపలా కాసేవాళ్లకు దూరం కొట్టే లైటు కావాలి. అది వేరే పని, దాని కోసం వేరే టార్చి ఉంచుకోవడం మేలు.

మనకు కావాల్సింది పరుచుకునే వెలుగు. కొట్లో లైటు వెలిగించి అరచేతి మీద వేసుకుని చూడండి. నడిమధ్య కళ్లు చెదిరే తెల్లటి చుక్క, చుట్టూ చీకటి ఉంటే వద్దు. స్టార్టర్ డబ్బాలో ఆ చుక్క కాంటాక్టర్ మీద పడి మెరుస్తుంది, పక్కనున్న ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే భాగం) కనిపించదు. చిన్న చిన్న ఎల్‌ఈడీలు ఒకేచోట పరిచిన, పసుపు పట్టీ లాంటి సీవోబీ ఎల్‌ఈడీ ఉన్నవి దగ్గర పనికి బాగుంటాయి. ఇప్పటికే చుక్క లైటు కొనేసినవాళ్లు అద్దం మీద పాలరంగు ప్లాస్టిక్ ముక్క అతికిస్తే వెలుగు మెత్తబడి పరుచుకుంటుంది. అప్పుడు తక్కువ వెలుగులోనే వాడండి, ఎక్కువలో ప్లాస్టిక్ వేడెక్కుతుంది.

రంగు సంగతి మాత్రం నేను గట్టిగా చెప్తాను. ఎరుపు, పసుపు, నీలం ఫేజులు కలిపేటప్పుడు ఒక తీగ తారుమారైతే మోటరు తిరగబడి తిరుగుతుంది. నీలి మెరుపు కొట్టే చవక లైటులో మాసిన పసుపు తీగ తెల్లగా, ఎర్రది గోధుమరంగులా అనిపిస్తుంది. కొనడానికి పోయేటప్పుడు జేబులో నాలుగు రంగుల తీగ ముక్కలు వేసుకుని పోండి. తిరుపతి గాంధీరోడ్డులో కొన్నా, మీ ఊరి ఎలక్ట్రికల్ షాపులో కొన్నా, "అన్నా, ఒక్క నిమిషం వెలిగించి చూస్తా" అంటే ఎవరూ కాదనరు. పెట్టె మీద 4000 నుంచి 5000 కెల్విన్ (వెలుగు రంగు కొలత) అని, సీఆర్‌ఐ (రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 పైన అని ఉంటే మంచిది. నీలి మెరుపు తగ్గితే పురుగులు కూడా తక్కువ ముసురుతాయి. తోటల్లో రాత్రిపూట పనిచేసేవాళ్లకు అదెంత సుఖమో తెలుసు.

తక్కువ వెలుగులో పెట్టి ఫోన్ కెమెరాతో చూడండి. తెర మీద నల్లచారలు పరుగెడితే ఆ లైటు వేగంగా ఆరి వెలుగుతోందని అర్థం. అలాంటి వెలుగులో తిరిగే ఫ్యాను రెక్క, గ్రైండర్ చక్రం ఆగినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

ఇక బ్యాటరీ. వెనక రెండు పిన్నులుండి నేరుగా గోడ సాకెట్లో గుచ్చే లైట్లు ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. లోపల 4 వోల్టుల లెడ్ బ్యాటరీ ఉంటుంది. బరువెక్కువ, చార్జింగ్ పెట్టకుండా నెల వదిలేస్తే పాడవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఒక కెపాసిటర్‌తో సరిపెడతారు. చార్జింగ్‌లో ఉన్నంతసేపూ లోపలి భాగాలకు 230 వోల్టుల లైనుతో సంబంధం ఉంటుంది. డబ్బా పగిలి, తడి చెయ్యి తగిలితే షాక్ కొడుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉంటే, చార్జింగ్‌లో ఉండగా వెలిగించి వాడకండి.

అప్పుడప్పుడు వాడేవాళ్లకు రిమోట్లో వేసే సన్న సెల్లు మూడు పట్టే లైటు నయం. ఏ పల్లె అంగడిలోనైనా సెల్లు దొరుకుతాయి. పాతవి, కొత్తవి కలిపి వేయొద్దు. వాడనప్పుడు తీసి పెట్టాలి, లేకుంటే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. చార్జింగ్ సెల్లు వేస్తే ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి వెలుగు కాస్త తగ్గుతుంది, పనికి అడ్డం రాదు.

రోజూ పనిచేసేవాళ్లకు 18650 లిథియం సెల్లే సరి. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, 3.7 వోల్టులు. దాని మీద 9800 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత) అని రాసుంటే అబద్ధమే. ఈ సైజులో మార్కెట్లో మామూలుగా దొరికే మంచి సెల్లు 3500, 3600 దాటవు. నగల కొట్టు త్రాసులో తూస్తే అసలు సెల్లు 45 గ్రాముల దగ్గర తూగుతుంది, 30 గ్రాములే ఉంటే నకిలీ అనుకోవచ్చు. ప్రొటెక్షన్ సర్క్యూట్ (చార్జి మరీ ఎక్కినా, మరీ దిగినా ఆపేసే చిన్న బోర్డు) ఉన్న సెల్లు కొంచెం పొడవుంటుంది, మీ లైటులో పడుతుందో లేదో చూసి తీసుకోండి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్లు వాడేవాళ్లు ముందు మల్టీమీటర్ పెట్టండి. 2 వోల్టులకు దిగిపోయినదాన్ని చార్జ్ చేసి బతికించాలని చూడొద్దు, లోపల షార్ట్ అయి మంట పుట్టొచ్చు.

2500 ఎంఏహెచ్ సెల్లు అంటే సుమారు 9 వాట్-అవర్లు. లైటు ఒక వాటు తాగితే, నష్టాలు పోను ఏడెనిమిది గంటలు వస్తుంది. మోటరు ఎత్తి, పైపులు విప్పి, కేబుల్ జాయింటు వేసి మళ్లీ దించేసరికి తెల్లవారే రోజుల్లో కూడా అది సరిపోతుంది. చాలకపోతే జేబులో పవర్‌బ్యాంక్ పెట్టుకుని తీగ లాగొచ్చు. చార్జింగ్‌లో ఉండగా వెలిగే లైటేనా అని ముందే చూసుకోండి, కొన్ని వెలగవు. మరీ తక్కువ కరెంటు లాగితే కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి, అప్పుడు వెలుగు ఒక మెట్టు పెంచాలి.

టైప్-సి రంధ్రమున్న చవక లైటు రెండు వైపులా టైప్-సి ఉన్న కొత్త కేబుల్‌తో ఒక్కోసారి చార్జ్ కాదు. లైటు పాడైందని తిరిగి ఇచ్చేయకండి. చార్జర్ వైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెడితే ఎక్కుతుంది. ఫోన్‌కొచ్చే మామూలు 5 వోల్టుల చార్జర్ చాలు.

ఎండాకాలంలో లైటును బండి డిక్కీలో వదలొద్దు. మన చిత్తూరు ఎండకు లోపల పొయ్యిలా కాగుతుంది, లిథియం సెల్లు త్వరగా చచ్చిపోతుంది. సెల్లు పైభాగం ఉబ్బినా, కారినా వాడకం ఆపేసి, అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకు ఇవ్వండి. తలకు కట్టే పట్టీ ఊడొచ్చేదై ఉంటే చెమట పట్టినప్పుడల్లా సబ్బునీళ్లతో ఉతుక్కోవచ్చు, సాగుదల పోతే టైలర్ దగ్గర ఎలాస్టిక్ మార్పిస్తే సరిపోతుంది.