ప్రాక్టికల్స్ రోజు పరికరం మొరాయిస్తే

ఫిబ్రవరి దగ్గర పడుతోందంటే ఇంటర్ సెకండియర్ పిల్లలకు ప్రాక్టికల్స్ బెంగ పట్టుకుంటుంది. ఏ ప్రయోగం వస్తుందో, ఎగ్జామినర్ ఎలాంటివారో, వైవాలో, అంటే నోటి ప్రశ్నల్లో, ఏమడుగుతారో అని. నేను ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ ల్యాబులో పిల్లల వెనక తిరిగినవాడిని. నేను చూసినంతలో పిల్లల్ని ఏడిపించింది కష్టమైన ప్రయోగం కాదు, బాగా వచ్చిన ప్రయోగంలో కదలని ముల్లు. ఫార్ములా, పట్టిక, గ్రాఫ్ అన్నీ కంఠతా పట్టుకుని వస్తారు. తీరా గాల్వనోమీటర్ (చిన్న కరెంటు ఎటు పారుతోందో చూపే మీటరు) ముల్లు ఒక పక్కకే తిరిగేసరికి చేతులు చల్లబడిపోతాయి.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఫిజిక్స్‌కు 30, కెమిస్ట్రీకి 30 మార్కులు, మూడు గంటల టైము. ఆ 30 మార్కులూ రీడింగుల మీదే లేవు. ఫార్ములాకు, విధానానికి, పట్టికకు, లెక్కకు, వైవాకు, రికార్డుకు వేటికవే ఉంటాయి. పరికరం మొరాయిస్తే పోయేది అందులో కొంతే. ఆ కొంత కోసం గంటసేపు దానితో కుస్తీ పట్టి, మిగతావి రాయడానికి టైము లేకుండా చేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

వారం ముందు

కొన్ని కాలేజీల్లో ల్యాబ్ తాళం తీసేదే జనవరిలో. అది మీ తప్పు కాదు గానీ, పరీక్ష రోజు ఆ మాట ఎవరూ వినరు. కాబట్టి ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే ప్రతి పరికరాన్నీ ఒకసారి చేత్తో పట్టుకోండి. పక్కవాడు చేస్తుంటే చూసి రీడింగులు ఎక్కించుకోవడం వేరు, జాకీ (మీటర్ బ్రిడ్జి తీగ మీద తాకించే లోహపు మొన) మీ చేతిలో ఉండటం వేరు. బాగున్న పరికరం ఎలా ప్రవర్తిస్తుందో తెలిస్తేనే చెడ్డది కనిపెట్టగలుగుతారు.

కొన్ని అంకెలు మనసులో ఉంచుకోండి. లోలకం పొడవు 100 సెం.మీ. ఉంటే 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు పడుతుంది. మీకు 38 వచ్చిందంటే లెక్కపెట్టడంలో ఒక డోలనం తప్పయినా పోయి ఉండాలి, స్టాప్‌క్లాక్‌లో తేడా అయినా ఉండాలి. అనునాద గొట్టంలో 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుకు మొదటి అనునాదం 16 సెం.మీ. దరిదాపుల్లో, రెండోది 50 దగ్గర వినపడుతుంది. సిలికాన్ డయోడుకు ఫార్వర్డ్ బయాస్‌లో 0.7 వోల్టుల దగ్గర కరెంటు లేస్తుంది. ఈ అంకెలు ఉన్నది రీడింగులు వండుకోవడానికి కాదు. తేడా వచ్చినప్పుడు అరగంట తర్వాత కాకుండా రెండో రీడింగుకే అనుమానం రావడానికి.

సెంటర్ వేరే కాలేజీలో పడితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మీ కాలేజీ స్క్రూగేజికి (సన్నని తీగ మందం కొలిచేది) తల స్కేలు మీద 100 గీతలు ఉంటే అక్కడ 50 ఉండొచ్చు. పిచ్ 1 మి.మీ. ఉండి గీతలు 50 అయితే కనీసపు కొలత, అంటే అది కొలవగల అతి చిన్న దూరం, 0.02 మి.మీ. అవుతుంది. అలవాటుగా 0.01 అని రాసేస్తే చివర్లో వచ్చే తప్పు పరికరం మీదకు నెట్టేస్తాం. ఇంకో మాట, సున్నా దోషం (మొనలు కలిసినా సున్నా చూపకపోవడం) ఉన్న స్క్రూగేజి పాడైనది కాదు. దోషం ఎంతో రాసి సవరించుకుంటే సరిపోతుంది. దాన్ని మార్చమని అడిగితే వైవా అక్కడే మొదలైపోతుంది.

సంచిలో వేసుకోవాల్సినవి పెద్దగా ఏం లేవు. రెండు పెన్సిళ్లు, స్కేలు, లాగ్ టేబుల్, ఒక పాత గుడ్డ, అగ్గిపెట్టెలో సగమంత సాండ్‌పేపర్ ముక్క. ముల్లుల వాచీ కూడా పనికొస్తుంది, కాకపోతే దానికి అనుమతి ఉందో లేదో ముందే కాలేజీలో అడగండి. సాండ్‌పేపర్ ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ముల్లు ఒక పక్కకే తిరుగుతుంటే

కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయికి మీటర్ బ్రిడ్జి వచ్చింది. మీటరు పొడవు తీగ సాయంతో, ఎడమ, కుడి గ్యాపుల్లో పెట్టిన నిరోధాలను పోల్చి తెలియనిదాన్ని కనుక్కునే పరికరం అది. కనెక్షన్లు చకచకా ఇచ్చింది. జాకీని తీగ మీద ఎటు జరిపి పెట్టినా ముల్లు కుడివైపే తప్ప ఎడమవైపు తిరగదు. సెల్ మార్చింది. గాల్వనోమీటర్ మార్పించుకుంది. ముప్పావు గంట గడిచాక నేను దగ్గరికి వెళ్లేసరికి కళ్లనిండా నీళ్లు.

"సార్, ఈ బ్రిడ్జి పనిచేయట్లేదు సార్."

"జాకీ ఏ కొసన పెడితే ముల్లు సున్నాకు వస్తోందమ్మా?"

పెట్టి చూసింది. ఎడమ చివరకు జరిపేకొద్దీ తగ్గి, సరిగ్గా అక్కడ సున్నా అయింది. అంటే ఎడమ గ్యాప్ బాగానే ఉంది, తెగింది కుడి గ్యాప్‌లో. అక్కడి వైరు విప్పి చూస్తే మరలో బిగించిన కొన మీద నూలు తొడుగు అలాగే ఉంది. బయటికి వైరు, లోపల ఏమీ తగలడం లేదు. గీకి మళ్లీ బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది.

ఈ చిట్కా గుర్తుపెట్టుకోండి. మీటర్ బ్రిడ్జిలో జాకీని రెండు కొసల దగ్గరా తాకిస్తే ముల్లు చెరో పక్కకు తిరగాలి. ఒక పక్కకే తిరుగుతోందంటే, ముందు రెసిస్టెన్స్ బాక్సులో ప్లగ్ తీశారా లేదా చూడండి. అన్ని ప్లగ్గులూ లోపలే ఉంటే నిరోధం సున్నా, అప్పుడూ ఇలాగే అవుతుంది. ప్లగ్ తీసి ఉంటే, ముల్లు ఏ కొసన సున్నాకు వస్తోందో చూసి దానికి ఎదుటి వైపు గ్యాప్‌లో వైర్లు విప్పి గీకండి. ముల్లు అసలు కదలకపోతే ఆ దారి వేరు. ప్లగ్ కీ పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు, సెల్ దగ్గరో గాల్వనోమీటర్ దగ్గరో తెగి ఉండొచ్చు.

రెసిస్టెన్స్ బాక్సులో మిగతా ప్లగ్గులను వట్టిగా నొక్కకుండా, కొంచెం తిప్పుతూ బిగించండి. వదులుగా ఉన్న ప్లగ్ తన నిరోధం కూడా కలిపేస్తుంది, సంతులన బిందువు (ముల్లు సున్నాకు వచ్చే చోటు) ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట వస్తుంది. పిల్లలు దాన్ని దెయ్యం పట్టిన బ్రిడ్జి అంటారు. జాకీని తీగ మీద ఈడ్చకండి. ఎత్తి పెట్టండి, ఎత్తి పెట్టండి. ఈడిస్తే తీగ అరిగి, మీ తర్వాత వచ్చేవాళ్లకు నిజంగానే పాడవుతుంది. రీడింగు తీసే ఆ కాసేపే కీ పెట్టాలి. లెక్లాంచి సెల్ నుంచి ఏకబిగిన కరెంటు లాగితే అది నీరసిస్తుంది, కాసేపు వదిలేస్తే కోలుకుంటుంది. పైగా తీగ వేడెక్కుతుంది. "సార్, సెల్ అయిపోయింది" అనే కేసుల్లో సగం, కీ తీయకుండా పట్టిక గీసుకుంటూ కూర్చున్నవే.

ఓం నియమం వస్తే అనుమానించాల్సింది రియోస్టాట్‌ను, అంటే నిరోధాన్ని పెంచి తగ్గించే పరికరాన్ని. దాని జరిపే పిడిని ఎటు జరిపినా అమ్మీటర్ మారడం లేదంటే, చాలావరకు వైర్లు రెండూ కింది మరలకే ఇచ్చి ఉంటారు. ఒకటి కింద, ఒకటి పైన ఇవ్వండి. ముల్లు సున్నాకు వెనక్కి పోతే మీటర్ పాడవలేదు, ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. వోల్ట్‌మీటర్ నిండుగా చూపిస్తూ అమ్మీటర్ నిద్రపోతుంటే, వోల్ట్‌మీటర్‌ను శ్రేణిలో పెట్టారేమో చూసుకోండి.

సెల్‌కు బదులు కరెంటుతో నడిచే ఎలిమినేటర్ మీద చేస్తుంటే కరెంటు పోవచ్చు. పోతే కిటికీ వైపు చూస్తూ కూర్చోకండి. సర్క్యూట్ బొమ్మ, విధానం, జాగ్రత్తలు, ఖాళీ పట్టిక ఆ టైములో రాసేస్తే, కరెంటు వచ్చాక రీడింగులు తీయడమే మిగులుతుంది. స్టాప్‌క్లాక్ ఆగిపోతే ముందు కీ తిప్పారా లేదా చూడండి. వాచీతో చేయాల్సి వస్తే 20 డోలనాలకు బదులు 50 తీసుకోండి, సెకను అటూ ఇటూ అయినా దోషం తగ్గుతుంది.

కెమిస్ట్రీలో కారేది, మడ్డిది, పాతది

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పుకోవాలి. నేను ఇంటర్ చదివేటప్పుడు పర్మాంగనేట్ టైట్రేషన్ వచ్చింది. బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం) స్టాప్‌కాక్ దగ్గర, అంటే దాని కుళాయి దగ్గర, కారుతోంది. చెప్తే ఏమంటారోనని భయం. రీడింగులు 18.4, 19.1, 18.7 వచ్చాయి. నేను పట్టికలో 18.4, 18.4 అని రాసి హాయిగా నిలబడ్డాను. ఎగ్జామినర్ వచ్చి పట్టిక చూశారు, బ్యూరెట్ చూశారు, నా రికార్డు తీసి సరిగ్గా దాని కింద పెట్టారు. కాసేపటికి అట్ట మీద ఊదారంగు చుక్క పడింది. "ఈ చుక్క ఏ రీడింగులో ఉంది బాబూ?" అన్నారు. ఆ చుక్క ఎండి గోధుమరంగు మచ్చయి ఇప్పటికీ ఆ రికార్డు మీద ఉంది.

కాబట్టి బ్యూరెట్ చేతికి రాగానే నీళ్లు నింపి, మట్టం చూసి, రెండు నిమిషాలు వదిలేయండి. మట్టం దిగితే అప్పుడే మార్పించుకోండి. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. గాజు స్టాప్‌కాక్ బిగుసుకుపోయి ఉంటే బలంగా తిప్పకండి, విరిగి చేతికి గుచ్చుకుంటుంది. తుడిచి కొంచెం వాజిలిన్ రాస్తే తిరుగుతుంది, ఆ పని అటెండర్ చేతే చేయించండి. రబ్బరు గొట్టం, క్లిప్పు ఉన్న బ్యూరెట్‌లో పర్మాంగనేట్ పోయకూడదు, అది రబ్బరుతో చర్య జరుపుతుంది. మొనలో గాలి బుడగ ఉంటే స్టాప్‌కాక్ ఒక్కసారి పూర్తిగా తెరిచి వేగంగా వదలండి. ఆ బుడగ రీడింగు మధ్యలో పోయిందంటే లెక్క తప్పుతుంది.

ఆక్సాలిక్ ఆమ్లంతో చేసేటప్పుడు గులాబీరంగుకు బదులు గోధుమరంగు మడ్డి వస్తే ద్రావణం బాగోలేదని అనుకోకండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువైంది, లేదంటే 60, 70 డిగ్రీల దాకా వేడి చేయలేదు. మోర్ లవణంతో అయితే వేడి అక్కర్లేదు.

సాల్ట్ అనాలిసిస్‌లో పరికరం అంటే సీసాలే. సిల్వర్ నైట్రేట్ వేయగానే ప్రతి సాల్టుకూ తెల్లగా వస్తోందంటే అనుమానించాల్సింది నీళ్లను. మన బోరు నీళ్లలో క్లోరైడ్ దండిగా ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ అని రాసి ఉన్న సీసాలో కుళాయి నీళ్లు పోసి ఉంటే క్లోరైడ్ లేని సాల్టులోనూ క్లోరైడ్ దొరుకుతుంది. సాల్టు వేయకుండా ఆ నీళ్లలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి చూడండి, అర నిమిషం పని. నైట్రేట్‌కు గోధుమ వలయం రాకపోతే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం రంగు చూడండి. పసుపో గోధుమో అయి ఉంటే పాతబడిందన్నమాట. రెండు స్ఫటికాలు అడిగి తాజాగా కలుపుకోండి. సున్నపు తేట ముందే తెల్లగా ఉన్నా, అమ్మోనియం హైడ్రాక్సైడ్ సీసాలో ఘాటు లేకపోయినా అంతే, కొత్తది అడగాలి.

ఆమ్లం చేతి మీద పడితే ముందు కుళాయి దగ్గరికి పరుగెత్తండి, పర్మిషన్ తర్వాత. పావుగంట ధారగా కడగాలి. పగిలిన గాజు చేత్తో ఏరకండి.

బోటనీ, జువాలజీ వాళ్లకు మైక్రోస్కోపు చీకటిగా కనిపిస్తే అద్దం తిప్పి, లెన్సు గుడ్డతో తుడిచి, తక్కువ పవర్‌తో మొదలుపెట్టమనే చెప్పగలను. మిగతాది ఆ లెక్చరర్లే బాగా చెప్తారు.

ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి

నేను పిల్లలకు పెట్టే లెక్క పది నిమిషాలు. పది నిమిషాల్లో కనెక్షన్లు రెండుసార్లు చూసి, కొనలు గీకి, సెల్ మార్చి చూశాక కూడా దారికి రాకపోతే చెయ్యెత్తండి. భయపడి కూర్చుంటే టైము మీదే పోతుంది. "సార్, ఇది పనిచేయట్లేదు" అంటే ఎగ్జామినర్ చెవికి మీకు రాదన్నట్టు వినపడుతుంది. "సార్, జాకీ ఎటు జరిపినా ముల్లు ఒకే వైపు తిరుగుతోంది, వైర్లు గీకి బిగించాను, సెల్ మార్చాను, ఒకసారి చూస్తారా?" అనండి. ఆ ఒక్క మాటతో మీకు ప్రయోగం తెలుసని వారికి అర్థమైపోతుంది.

పరికరం మార్చి ఇస్తే పాత రీడింగులు ఏం చేయాలన్నది పిల్లలకు తోచదు. మీటర్ బ్రిడ్జిలో గాల్వనోమీటర్ మారితే పాతవి ఉంచుకోవచ్చు, మనం చూసేది సున్నానే కాబట్టి. స్క్రూగేజి మారితే మాత్రం సున్నా దోషం నుంచి మళ్లీ మొదలు. ఏది ఎప్పుడు మారిందో పేపరులో ఒక వాక్యం రాయండి. 40 నిమిషాలే మిగిలితే ఆరు రీడింగుల కోసం పరుగులు తీయకుండా మూడు సరిగ్గా తీయండి.

రీడింగులు వండొద్దు. ఇది నీతి కోసం చెప్పడం లేదు, దొరికిపోతారు కాబట్టి చెప్తున్నాను. నిజం రీడింగుల్లో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. అన్ని వరుసల్లోనూ ఒకే విలువ ఉన్న పట్టికను ఎగ్జామినర్ బల్ల అవతలి నుంచే గుర్తుపడతారు. వైవాలో ఆ పట్టిక మీదే నాలుగు ప్రశ్నలు పడతాయి.

అయిపోయాక కీ తీసేయండి, బ్యూరెట్ ఖాళీ చేసి కడిగి పెట్టండి. చెడ్డ వైరు ఏదో అటెండర్ చేతికే ఇచ్చి, "అన్నా, ఇది పక్కన పెట్టు" అని చెప్పండి. రెండింటికి వచ్చే బ్యాచ్‌లో ఎవరో మీ బల్ల దగ్గరే నిలబడతారు.