మెలి తిరిగిన పన్ను మళ్లీ తిరగకుండా

మెలి తిరిగిన పన్ను బ్రేసులతో దారికొచ్చాక అసలు పని రిటైనర్‌దే, అంటే పళ్లు మళ్లీ కదలకుండా పట్టి ఉంచే సాధనానిదే. పన్ను చుట్టూ చిగుళ్లలో సాగే నారపోగులుంటాయి. ఎముక కొన్ని నెలల్లో కుదురుకున్నా, ఈ పోగులు సర్దుకోవడానికి దాదాపు ఏడాది పడుతుంది. అప్పటిదాకా మెలితిప్పిన రబ్బరులా పన్నును పాత దిక్కుకే లాగుతుంటాయి. అందుకే బ్రేసులు తీయకముందే డాక్టర్‌ని అడగండి: పళ్ల లోపలివైపు అంటించే సన్నటి తీగ రిటైనర్ పెడతారా, బాగా తిరిగిన పన్నుకు ఆ పోగులు కోసే చిన్న చికిత్స, ఫైబరాటమీ, అవసరమా అని. తీసి పెట్టుకునే ప్లాస్టిక్ రిటైనర్‌ని మాత్రం వేడినీళ్లతో కడగొద్దు, వంగిపోతుంది. పెట్టుకునేటప్పుడు ఒక పన్ను దగ్గరే బిగుతుగా అనిపిస్తే అది కదలడం మొదలైనట్టే. తర్వాత చూద్దాంలే అనుకోకుండా వెంటనే చూపించుకోండి.