ఎండాకాలంలో ప్రాసెసర్ వేడెక్కుతుంటే ఏం చేయాలి?

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మాకు పెళ్లిళ్ల సీజన్, ఎండాకాలం ఒకేసారి వస్తాయి. మే నెల మధ్యాహ్నం హనుమకొండలో బయట 43, 44 డిగ్రీలుంటే పైఅంతస్తు గదిలో 38 దాకా ఉంటుంది. సరిగ్గా అప్పుడే రెండు గంటల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కు, అంటే ఎడిట్ చేసినదంతా ఒకే ఫైల్‌గా తయారవడానికి, పెడతాం. సగం అయ్యేసరికి సిస్టమ్ నత్తనడక పడుతుంది, లేదా ఠక్కున ఆఫ్ అయిపోతుంది. టెన్షన్‌లో కొత్త కూలింగ్ ఫ్యాన్ కొనేయకండి. వేడి ఎక్కడ ఇరుక్కుందో ముందు చూడాలి.

ప్రాసెసర్ ఎంత వేడిగా ఉందో చూపించే కోర్ టెంప్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసుకోండి. ఎక్స్‌పోర్ట్ మొదలైన పావుగంటకు ప్రాసెసర్ ఎంత చూపిస్తోందో, గదిలో ఎంత ఉందో రెండూ రాసుకోండి. ఫ్యాన్ ఊదేది గదిలోని గాలినే. జనవరిలో గది 25 ఉన్నప్పుడు 75 చూపిన ప్రాసెసర్, గది 38 అయ్యాక 88 చూపితే అందులో కొత్త లోపమేమీ లేనట్టే. ఇంటెల్ 12 నుంచి 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠం 100 డిగ్రీలు, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 సిరీస్‌లో ఎక్కువ వాటికి 95. అక్కడికి చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గంటల తరబడి పని ఉంటే 85 దాటకుండా చూసుకోవడం నాకిష్టం.

ఇప్పుడు క్యాబినెట్ పక్క మూత తీసి అదే వీడియోను మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందా? అయితే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదు. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి తోయాలి. ఒక్కోసారి ఒకటి తిరగేసి బిగించి ఉంటుంది. గోడకు జానెడు దూరం జరపండి.

పెద్దగా తగ్గకపోతే కారణం దుమ్మో, పేస్టో (ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య వేడి దాటడానికి పూసే థర్మల్ పేస్ట్). ప్లగ్ పీకేసి ప్రాసెసర్ మీది ఫ్యాన్ విప్పండి. దాని కింద ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె, అంటే హీట్‌సింక్, రేకుల మీద దుమ్ము, నూగు కలిసి పరుపులా పేరుకుని ఉంటుంది. పైనుంచి చూస్తే కనపడదు, ఫ్యాన్ తీస్తేనే తెలుస్తుంది. మెత్తని బ్రష్‌తో కదిపి బ్లోయర్ కొట్టండి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలనివ్వకండి, ఆ తేమకు దుమ్ము బంకలా అంటుకుంటుంది.

దుమ్ము తీసినా తగ్గకపోతే హీట్‌సింక్ విప్పి చూడండి. పేస్ట్ ఎండి పెళుసైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. స్క్రూలు ఎదురెదురు మూలల నుంచి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకే మూల ముందే బిగిస్తే హీట్‌సింక్ ఒకవైపు ఒరిగి, రెండోవైపు సరిగ్గా ఆనదు.

ఇంకా వేడిగానే ఉంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి మార్చండి. చాలా సిస్టమ్‌లలో దాంతో టర్బో, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది. ఎక్స్‌పోర్ట్‌కు ఎక్కువ సమయం పట్టినా మధ్యలో ఆగదు. పెద్ద వీడియోలను నేను రాత్రి పది దాటాకే పెడతాను.

చివరగా అదే వీడియోతో మళ్లీ కొలిచి, ప్రాసెసర్ అంకె, గది అంకె, తేదీ చిన్న కాగితంపై రాసి క్యాబినెట్‌కు అంటించండి. వచ్చే మార్చిలో మూత తీసేటప్పుడు ఆ కాగితమే చూస్తారు.